జక్కయ్య పీట

పటమట,
12 ఫిబ్రవరి 1945.

చిరంజీవి రామలింగానికి బావ సాంబమూర్తి ఆశీస్సులు.

ఇక్కడ మీ అక్కయ్యా నేనూ క్షేమం. అక్కడ మీరంతా క్షేమమేనా అని ఇన్నాళ్లూ అలవాటు కొద్దీ రాసేవాణ్ణి. ఈసారి నిజంగానే అడుగుతున్నాను, ఎందుకంటే జవాబు చదివే తీరిక ఇప్పుడు వచ్చింది.

మంచిరోజు చూసి బెజవాడ వన్ టౌన్ బట్టల కొట్టు తాళాలు మా అబ్బాయి అంకమ్మరావు చేతిలో పెట్టేశాను. ఇరవై ఏడేళ్లు గజంబద్ద పట్టిన చెయ్యి, ఇక చాలనుకున్నాను. పటమటలో కట్టించిన కొత్త ఇంటికి వచ్చేశాం. వసారాలో టేకు పడకకుర్చీ వేయించాను. అందులో వాలితే బందరు రోడ్డు బారునా కనిపిస్తుంది. పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిపే బస్సు పొద్దున ఒకటి పోతుంది, సాయంత్రం ఒకటి వస్తుంది. మధ్యలో దాన్ని నెట్టేవాళ్లు కనిపిస్తారు. లోకం అలా చెమటోడుస్తుంటే పడుకుని చూడటంలో ఎంత సుఖం ఉందో నీలాంటివాడికి చెప్పినా తెలియదు.

నిన్ను తలుచుకుంటే మాత్రం జాలేస్తుంది. యాభై ఏళ్లొచ్చాయి. ఇంకా ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పోగు నాడె అటూ ఇటూ విసురుతున్నావు. ఎవరైనా పోయాక దిగుతారు గుంటలోకి. నువ్వు రోజూ పొద్దున్నే ముఖం కడుక్కుని మరీ దిగుతున్నావు. నేనూ నీతోపాటే ఆ పెడన వీధిలో పుట్టి, జక్కయ్య మామ దగ్గర చెవులు మెలిపెట్టించుకుని పని నేర్చినవాణ్ణే. సమయానికి బుద్ధి వచ్చి బయటపడ్డాను. నీకూ వస్తుందని ఇరవై ఏడేళ్లుగా చూస్తున్నాను.

వసారాలో ఇంకో కుర్చీకి చోటుంది. ఆలోచించుకో.

ఇట్లు,
మీ బావ
సాంబమూర్తి


పెడన,
20 ఫిబ్రవరి 1945.

పూజ్యులు బావగారికి రామలింగం నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. గుంటలోంచి ఒక చెయ్యి బయటపెట్టి అందుకున్నాను. తమరు విశ్రాంతి తీసుకుంటున్నారని తెలిసి వీధి వీధంతా సంతోషించింది. తమరు కూడా ఆగిపోతే ఇక ఈ లోకం ఎలా నడుస్తుందని మీ చెల్లెలు వెంకటరావమ్మ కాస్త దిగులుపడింది. నేనే ధైర్యం చెప్పాను.

మా సంగతి మామూలే. నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి. నూలు కంట్రోలు వచ్చాక నేత సొసైటీవాళ్లు ఇచ్చిందే ప్రసాదం. ఇచ్చిన నూలుకు గడువులోగా బట్ట అప్పగిస్తేనే మళ్లీ నూలు. కనక తీరిక అన్న మాట మేం మీ ఉత్తరంలోనే చదువుకోవాలి.

తమరు కొట్టు గద్దె మీద కూర్చుని పని మరిచిపోయి ఉంటారు కాబట్టి గుర్తుచేస్తున్నాను. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తుందనగా, దాని చివర పోగులు దువ్వెనలాంటి అచ్చులో ఉండగానే, కొత్త పడుగు పోగులు తెచ్చి ఒక్కొక్కటీ పాత పోగుకు మెలిపెట్టి అతకాలి. బొటనవేలికి బూడిద అద్దుకుని, ఒక పీట మీద కూర్చుని, మూడువేల పోగులు. ఒక్కటి తప్పితే బట్ట తప్పుతుంది. ఇంకా గుర్తు రాకపోతే చెవి తడుముకోండి. జక్కయ్య మామ మెలిపెట్టిన చోటు ఇంకా నొప్పిగానే ఉండాలి.

ఆ జక్కయ్య మామే మా నాలుగు మగ్గాలకూ అతుకుతున్నాడు. కాని ఈమధ్య ఆయనకు చూపు ఆనడం లేదు. మొన్న అంచులో ఉండాల్సిన ఎర్రపోగులు నాలుగు తీసుకెళ్లి పంచె నడిమిలో అతికాడు. తెల్లటి పంచె మధ్యన నిలువునా నామం తేలింది. సొసైటీ గుమాస్తా దాన్ని విప్పి చూసి, 'ఇది కట్టుకోవడానికా, పూజ చేసుకోవడానికా?' అని అడిగాడు.

కుర్చీకి చోటుందన్నారు, సంతోషం. చచ్చాక తప్పకుండా వచ్చి పడుకుంటాను.

విధేయుడు,
రామలింగం


పటమట,
18 మార్చి 1945.

చి. రామలింగానికి,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. తీరిక దొరకలేదు. నవ్వకు. తీరిగ్గా ఉండటం ఎంత చాకిరీయో మొదలుపెట్టాక కాని తెలియలేదు. పొద్దున్నే లేవాలి. లేచాక ఎందుకు లేచానా అని ఆలోచించాలి. అది తేలకముందే కాఫీ వస్తుంది. తరవాత పేపరు. యుద్ధం ఎలా నడపాలో నాకు తెలిసినంత ఆ దొరలకు తెలియదు, కాని వచ్చి అడిగేవాడు లేడు. పది దాటాక ఎదురింటి పెంకుల మీద కాకులు వాలతాయి. మొత్తం పదకొండు. అందులో ఒకటి కుంటిది. నిన్న అది రాలేదు. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

పక్కింట్లో రత్తయ్యగారని రిటైరైన తాసీల్దారు ఉన్నారు. విశ్రాంతి ఎలా తీసుకోవాలో ఆయన్ని చూసి నేర్చుకోవాలి. తొమ్మిదేళ్ల అనుభవం. గన్నవరంలో పనిచేసినప్పుడు కలెక్టరు గుర్రం ఆయన్ని చూసి సకిలించిన కథ రోజూ సాయంత్రం చెబుతారు. మొన్న మధ్యలో మరిచిపోతే నేనే అందించాను.

గురువారం వన్ టౌన్ వెళ్లాను. పనుండి కాదు, ఊరికే. మన కొట్లో నాకు జరిగిన మర్యాద చెబితే నువ్వు నమ్మవు. నేను పెట్టిన కొట్లో, నేను కుట్టించిన పరుపు మీద, బేరానికి వచ్చినవాళ్లు కూర్చునే వైపు కూర్చోబెట్టారు. గోలీసోడా తెప్పించారు. కొత్తగా వచ్చిన బట్టతాను ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చూడబోయాను. అంకమ్మరావు మెల్లిగా దాన్ని నా చేతిలోంచి తీసేసుకుని, 'మీకెందుకు నాన్నగారూ శ్రమ?' అన్నాడు. ఎంత పితృభక్తి! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సోడా ఘాటు అనుకుంటాను.

అన్నట్టు, నీ చేతిరాత ఈమధ్య ముత్యాల కోవలా ఉంటోంది. చిన్నప్పుడు నీ పలక చూసి పంతులుగారు కోడి కెలికిందన్నారు. ఏం మందు వాడుతున్నావో నాకూ రాయి. చదవడం కంటే చూస్తూ కూర్చోవడానికి బాగుంది.

నేను ఇక్కడ మహా సుఖంగా ఉన్నాను. 

మీ బావ
సాంబమూర్తి


(అదే కవరులో, చిన్న కాగితం మీద)

ఒరే తమ్ముడూ,

మీ బావ స్నానానికి వెళ్లారు. కవరు అంటించే పని నాదే కనక ఈ ముక్క లోపల పెడుతున్నాను. ఆయన రాసిందాంట్లో కాకుల లెక్క ఒక్కటే నిజం.

బయటివాళ్లకి మా ఇల్లు చూస్తే పల్లకీల మోత. ఇంట్లో ఉన్నది ఈగల మోతే. కొట్టు వదిలినప్పుడు ఆయన సరదాగానే వదిలారు. పదిహేను రోజులు రాజాలా పడుకున్నారు. తరవాత మొదలైందిరా. మధ్యాహ్నాలు ఆ కుర్చీలో కూర్చుని తువ్వాలు అంచు పోగులు లాగుతారు. లాగి, రెండేసి పోగులు మెలిపెట్టి మళ్లీ అతుకుతారు. నేను చూస్తే చెయ్యి దాచుకుంటారు, దొంగతనం చేస్తూ దొరికినట్టు. ఇంట్లో పన్నెండు తువ్వాళ్లుంటే పన్నెండింటి అంచులూ ముడులే. ముఖం తుడుచుకుంటే గీరుకుంటోంది.

అన్నం సగానికి సగం తగ్గించారు. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. జబ్బుంటే మందైనా ఉండేది. మొన్న పొద్దున లేపితే, 'లేచి ఎవరికి ఏం ఒరగబెట్టాలే?' అన్నారు. నాకు భయం వేసింది. ఇలాగే వదిలేస్తే మీ బావ ఆ కుర్చీలోంచి ఇక లేవరు. 

నువ్వు రమ్మని పిలిస్తే రారు. పౌరుషం ఎక్కువ. ఏం చేస్తావో నీ ఇష్టం. ఏదైనా చెయ్యి. నేను రాశానని మాత్రం ఆయనకి తెలియనీకు.

అక్కయ్య
చౌడేశ్వరమ్మ


పెడన,
2 ఏప్రిల్ 1945.

పూజ్యులు బావగారికి నమస్కారాలు.

కుంటికాకి క్షేమంగా తిరిగి వచ్చిందని తలుస్తాను. రాత సంగతి అడిగారు. సొసైటీ కాగితాలు నింపి నింపి అలా తయారైంది. మందేమీ లేదు.

ఇక్కడి కబురు బాగోలేదు. జక్కయ్య మామకు ఇక పోగు బొత్తిగా కనిపించడం లేదు. నాలుగు మగ్గాల మీదా పడుగులు అయిపోయాయి. కొత్త నూలు తెచ్చాం, ఆసు పోసి పోగులు బారు చేశాం, వీధిలో సాచి గంజి పెట్టాం, నాలుగు పడుగులూ చుట్టి సిద్ధంగా ఉంచాం. అతికేవాడు లేడు. వీధిలో చెయ్యి తిరిగినవాళ్లంతా వాళ్ల మగ్గాలతోనే సతమతమవుతున్నారు. మే నెలాఖరుకు బట్ట అప్పగించకపోతే మా నూలు ఇంకొకరికి పోతుంది. అప్పుడు నాలుగు మగ్గాల వాళ్లమూ తమరిలాగే విశ్రాంతి తీసుకోవచ్చు. కుర్చీలు ఒక్కటే లోటు.

నిన్న మీ చెల్లెలు, 'పోనీ అన్నయ్యగార్ని పిలిస్తే?' అంది. ఇన్ని కష్టాల్లోనూ నాకు నవ్వాగలేదు. సిల్కు తాన్లు తడిమిన ఆ వేళ్లు నూలుపోగు పట్టుకుంటే పోగు సిగ్గుపడి తెగిపోదూ? ఎంత చేసినా రోజుకి వంద పోగులు అతుకుతారేమో. ఆ లెక్కన ఒక్క పడుగుకి నెల. నాలుగూ అయ్యేసరికి శ్రావణమాసం వస్తుంది. పైగా తమరికి నేల మీద పీట గుచ్చుకుంటుంది, వీధిలో గంజి వాసన పడదు, కాకులు కూడా ఇక్కడ మామూలువే. 

అందుచేత దయచేసి మీరు రావద్దు. తెలియక వచ్చేస్తారేమోనని భయపడి ముందుగానే రాస్తున్నాను. పెద్దవారు, మీకెందుకండీ శ్రమ?

విధేయుడు,
రామలింగం


పటమట,
6 ఏప్రిల్ 1945.

రామలింగం,

వందా? 

నేను జక్కయ్య మామ పక్కన కూర్చున్న రోజుల్లో పొద్దున కూర్చుంటే దీపాలవేళకి రెండువేల పోగులు అతికినవాణ్ణి. అప్పుడు నువ్వు ముక్కు కారుతుంటే కండెలు చుట్టేవాడివి. ఆ ముక్కు తుడిచింది మీ అక్కయ్య. సాక్ష్యం పక్క గదిలోనే ఉంది.

సోమవారం బండికి వస్తున్నాను. పని చేయడానికి కాదు, నీకు బుద్ధి చెప్పడానికి. రెండు రోజులకు మించి ఉండను. నాకు మెత్తటి బొంత ఒకటి, తెల్లవారగానే కాఫీ, మధ్యాహ్నం నిద్రపోవడానికి గాలి వచ్చే గది ఉండాలి. జక్కయ్య మామకు నేను వస్తున్నానని చెప్పు. నా పేరు వింటే ఆయనే లేచి పీట ఖాళీ చేస్తాడు.

సాంబమూర్తి


పెడన,
14 ఏప్రిల్ 1945.

చి.ల.సౌ. చౌడేశ్వరమ్మకు,

ఈ ఉత్తరం నీ మేనకోడలు మాణిక్యం చేతికిచ్చి పంపుతున్నాను. దాని వెంట నీ తమ్ముడు కూడా వస్తున్నాడు. సరిగ్గా చెప్పాలంటే అదే వాణ్ణి వెంటబెట్టుకుని వస్తోంది. వాకిట్లో మెట్టు దగ్గర వాడి చెయ్యి పట్టుకో.

నేను బండి దిగేసరికి నీ తమ్ముడు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. తిన్నగా నా ముందుకొచ్చి నిలబడి, 'ఏమండీ, బెజవాడ బండి ఇదేనా?' అని నన్నే అడిగాడు. వేళాకోళం అనుకున్నాను. 'కాదండీ, లండన్ బండి' అన్నాను. నా గొంతు వినగానే వాడి మొహం పాలిపోయింది. పక్కన మాణిక్యం తల దించుకుంది. అప్పుడు అర్థమైంది నాకు.

ఆ ముత్యాల రాత మాణిక్యానిది, మన ఉత్తరాలు వాడికి చదివిపెట్టేదీ అదే. చూపు లేనిది వీడికి. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, ఏడాదిగా మనకు చెప్పకుండా దాచాడు. పంచె నడుమ ఎర్రపోగులు అతికిన ఘనుడు వీడే. మరి జక్కయ్య మామ ఎక్కడరా అని అడిగాను. మూడేళ్ల కిందటే పోయాడన్నాడు. 'నాకెందుకు చెప్పలేదురా?' అని స్టేషనంతా వినిపించేలా అరిచాను. వాడు నింపాదిగా, 'కార్డు రాశాను బావగారూ. మీ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. సరే, మీ వరకూ ఆయన బతికే ఉన్నాడు గదా, నా కళ్లజబ్బు నాలుగు రోజులు ఆయన పేరు మీద నడుపుదామనుకున్నాను' అన్నాడు.

వీడి నాలిక మీద వాతలు పెట్టేవాళ్లు లేక ఇలా తయారయ్యాడు. కాని చౌడేశ్వరీ, నాకు ఆ కార్డు గుర్తే లేదు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డ రోజులవి. బెజవాడ మీదా పడతాయని జనం ఊళ్లొదిలి పోతుంటే, నేను సరుకు ఎక్కడ దాచాలా అని గోడౌన్ల చుట్టూ తిరుగుతున్నాను. నాకు పని నేర్పిన మనిషి పోతే, ఆ కబురు కూడా నాకు చేరలేదు. సిగ్గుగా ఉంది.

ఇంటికి వెళ్లి చూస్తే, జక్కయ్య మామ పీట గోడకు ఆనించి ఉంది. తుడిచి, శుభ్రంగా ఉంది. నీ తమ్ముడు మాత్రం దాని పక్కన నేల మీద గోనెపట్టా వేసుకుని అతికేవాడట. ఎందుకురా అంటే, 'నేల చల్లగా ఉంటుంది' అన్నాడు.

మర్నాడు తెల్లారకుండా నేనే ఆ పీట వాల్చుకుని కూర్చున్నాను. ఒక పూటకి నలభై పోగులు అతికాను. అందులో పన్నెండు ఊడిపోయాయి. వంద అన్న మాట నీ తమ్ముడు నా మీద గౌరవం కొద్దీ అన్నాడని అప్పుడు తెలిసింది. రెండో రోజు నడుము పట్టేసింది, చెల్లెమ్మ ఆముదం రాసింది. మూడో రోజు మధ్యాహ్నం ఏదో ఆలోచిస్తూ ఉండి, చూసుకునేసరికి నాలుగు వందలు దాటాయి. వేళ్లు నా ప్రమేయం లేకుండా వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మొదటి పడుగు ఇవాళ పూర్తయింది. ఎరుపు అంచులో ఉంది, తెలుపు నడిమిలో ఉంది. భోజనానికి కూర్చుని రెండోసారి అన్నం అడిగాను. అడిగాక నాకే ఆశ్చర్యం వేసింది.

గాలి వచ్చే గది ఇచ్చారు. ఇంకా దాని తలుపు తీయలేదు.

నీ తమ్ముడు బెజవాడ రానని మొండికేశాడు. 'నేనొచ్చేస్తే మగ్గాలో?' అన్నాడు. 'పీట మీద నేనున్నాను, పో' అన్నాను. కొట్లో కూర్చుని ఇన్నేళ్లు ఎందరికో మాటలిచ్చాను, ఇంత ధీమాగా ఎప్పుడూ ఇవ్వలేదు. పెద్దాసుపత్రిలో చూపించి ఆపరేషన్ చేయించు. తరవాత నా కుర్చీలో పడుకోబెట్టు. విశ్రాంతి అంటే ఏమిటో వాడికీ తెలియాలి.

తువ్వాళ్ల సంగతి మాణిక్యం నోరు జారి చెప్పింది. ఇంటికి వచ్చాక నీతో మాట్లాడతాను. ఎప్పుడొస్తానో తెలియదు. ఇంకా మూడు పడుగులున్నాయి.

సాంబమూర్తి


పటమట,
10 మే 1945.

పూజ్యులు బావగారికి నమస్కారాలు.

మాణిక్యం మందులకు వెళ్లింది, నేను చెబుతుంటే అక్కయ్య రాస్తోంది. (అక్షరాలు బాగోలేకపోతే తప్పు నాది. మాటలు బాగోలేకపోతే వాడిది. – చౌ.)

కుడికంటికి పొర తీశారు. రెండు కళ్లకూ కట్లు కట్టి, కదలకుండా పడుకోమన్నారు. పడుకున్నాను. బావగారూ, ఈ కుర్చీలో రెండు నెలలు మీరు ఎలా ఉన్నారండీ? జర్మనీని గెలిచినందుకు ఎవరెవరికో పతకాలు ఇస్తున్నారట. అందులో ఒకటి మీకు రావాలి. కాకులు పదకొండూ వస్తున్నాయి, అరుపులను బట్టి లెక్కపెట్టాను. కుంటిదాని అరుపు కొంచెం బొంగురు. తాసీల్దారుగారు నిన్నటికి నాలుగుసార్లు గుర్రం కథ చెప్పారు. నాకు కళ్లు కనిపించవు కాని చెవులు వినిపిస్తాయన్న సంగతి ఆయన బాగా గ్రహించారు.

మీరు మా మగ్గం గుంటను ఏదో అన్నారు. గుంటలో దిగినవాడు పొద్దుగూకితే బయటికి వస్తాడు. చేసిన పని చుట్టుకుని వస్తాడు. ఈ కుర్చీలోంచి బయటికి దారేదో నాకు ఇంకా దొరకలేదు.

(తువ్వాళ్లు మళ్లీ మొదలయ్యాయండీ. మీరు వదిలిపెట్టిన చోటునుంచి వీడు అందుకున్నాడు. కట్లున్నా వేళ్లు ఊరుకోవు. తువ్వాళ్లన్నీ పెట్టెలో పెట్టి తాళం వేస్తే దుప్పటి అంచు పట్టుకున్నాడు. మా పుట్టింటి వంశంలో ఒక్కరికైనా ఊరికే కూర్చోవడం చేతనైతే బాగుండును. – చౌ.)

ఇంకో సంగతి. నిన్న అక్కయ్య మీ పాత నల్లకోటు ఎండలో వేయబోతే లోపలి జేబులో కార్డు ఒకటి దొరికింది. మూడేళ్లుగా దాన్ని గుండె పక్కనే పెట్టుకుని తిరిగారన్నమాట. చదవడం ఒక్కటే తక్కువైంది. నా కళ్లు బాగున్నప్పుడు నా చేత్తో రాసిందే, కోడి కెలికిన రాత. ఈ కవరులో పెట్టి పంపుతున్నాను. అందులో ఒక ప్రశ్న అడిగాను. ఆలస్యమైనా ఫరవాలేదు, జవాబు రాయండి.

విధేయుడు,
రామలింగం


(కవరులోని కార్డు)

పెడన,
5 ఏప్రిల్ 1942.

బావగారికి నమస్కారాలు. జక్కయ్య మామ నిన్న ఉదయం కాలం చేశాడు. మొన్నటిదాకా పీట మీదే ఉన్నాడు. పోయేముందు మిమ్మల్ని అడిగాడు. 'సాంబడు వస్తాడ్రా. కొట్టు మోజు తీరాక వాడే వస్తాడు. అప్పటిదాకా ఈ పీట మీద ఇంకెవర్నీ కూర్చోనీకు' అన్నాడు. ఆయన చాదస్తం మీకు తెలిసిందే. పదోరోజుకు మీరు వస్తే బాగుంటుంది. పీట మాత్రం ఏం చేయమంటారో రాయండి. వీధిలో ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు.
– రామలింగం


పెడన,
27 మే 1945.

చి. రామలింగానికి,

నీ కళ్లకట్లు విప్పారని, అద్దాలు ఇచ్చారని మాణిక్యం రాసింది. అయితే దీన్ని నువ్వే చదువుకో. నా రాత బాగుండదు. వేళ్లకి బూడిద.

నిన్న సొసైటీకి నాలుగు మగ్గాల బట్టా అప్పగించాం. అదే గుమాస్తా వచ్చాడు. నామాలు వెతుక్కుంటూ పంచెలన్నీ విప్పి చూశాడు. పాపం, ఒక్కటీ దొరకలేదు. కొత్త నూలు రాసిచ్చి వెళ్లాడు. నువ్వు లేకపోతే మగ్గాలు ఆగిపోతాయని నీకో భ్రమ ఉండేది. ఆగలేదు. బాధపడకు, నేనూ వన్ టౌన్‌లో ఇలాగే బాధపడ్డాను.

మొన్న అంకమ్మరావు నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. నేను పీట మీద ఉండటం చూసి, 'ఈ వయసులో మీకెందుకు నాన్నగారూ శ్రమ?' అన్నాడు. వాడి బొటనవేలికి బూడిద అద్ది పక్కన కూర్చోబెట్టాను. గంటలో పద్దెనిమిది పోగులు అతికాడు. నేను తొమ్మిది విప్పి మళ్లీ అతికించాను. కుర్రవాడికి నుదుటి నిండా చెమట. వెళ్లేముందు గోలీసోడా తెప్పించి ఇచ్చాను. మర్యాద మన దగ్గరే నేర్చుకోవాలి గదా.

వాడు ఒక్కడే తిరిగి వెళ్లాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, 'కొట్టుకొచ్చే తాన్ల అంచులు వచ్చే నెల నుంచి మీరొకసారి చూసి పెడతారా?' అని అడిగాడు. తీరిక ఉంటే చూస్తానన్నాను.

నువ్వు ఇక బయల్దేరు. మగ్గం మీద నీ చోటు అలాగే ఉంది. మీ అక్కయ్యను, మిగిలిన తువ్వాళ్లను వెంట తీసుకురా. పడకకుర్చీ తాసీల్దారుగారికి ఇచ్చెయ్యి. కాకుల బాధ్యత కూడా ఆయనకే అప్పగించు. కుంటిదాని సంగతి ప్రత్యేకంగా చెప్పు.

నీ కార్డు నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు పని ఆపి పెరట్లోకి వెళ్లాల్సి వచ్చింది. సోడా కూడా తాగలేదు, అబద్ధం చెప్పడానికి. జక్కయ్య మామ నన్ను నాకంటే బాగా ఎరిగినవాడు. మూడేళ్లు నువ్వు నేల మీద కూర్చుని ఆయన మాట నిలబెట్టావు. నేను ఆ కబురు జేబులో వేసుకుని, పని కోసం తువ్వాళ్లు పీక్కుంటూ కూర్చున్నాను.

పీట ఏం చేయమంటావని అడిగావు. జవాబు మూడేళ్లు ఆలస్యమైంది, ఏమనుకోకు.

ఎవరికీ ఇవ్వకు. నేను వస్తున్నాను.

మీ బావ
సాంబమూర్తి